దొనకొండ: ఇంజను దాహం తీర్చిన ఊరు

దొనకొండ స్టేషన్లో నేను దిగేసరికి ఉదయం తొమ్మిది దాటింది. నాతోపాటు దిగినవాళ్ళు నలుగురైదుగురికి మించరు. వాళ్ళు గేటు దాటి ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. రైలు కరెంటు తీగల కిందుగా గజ్జలకొండ వైపు సాగిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలింది నేనూ, టీ అమ్ముకునే కుర్రవాడూ, రెండు మేకలూ. నా చిన్నతనంలో ఇక్కడ బండి ఇట్లా నిమిషంలో కదిలేది కాదు. మీటరు గేజి రోజుల్లో గుంటూరు నుంచి మార్కాపురంలోని మా అమ్మమ్మగారింటికి పోయేటప్పుడు బండి దొనకొండలో ఆగితే, నేను ఒక కునుకు తీసి లేచినా ఇంకా అక్కడే వుండేది. "ఎందుకమ్మా ఇంతసేపు?" అని అడిగితే మా అమ్మ, "ఇంజను నీళ్ళు తాగుతోందిరా, పడుకో" అనేది.

ఈ ఊరి చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో వుందని నాకు తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. కరువు సీమ నడుమ, మనుషులకు నీళ్ళు చాలని నేలమీద, ఇంజనుకి నీళ్ళు పట్టడం కోసం ఒక పట్టణం వెలిసింది. ఆ ఇంజను పోయినప్పుడు పట్టణమూ పోయింది. మిగిలినవి గోడలు. ఆ గోడలు కూడా పోకముందు ఒకసారి చూసి, చూసినదాన్ని సాహిత్య విద్యార్థులతోనూ తోటి రచయితలతోనూ పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

స్టేషను వెనక దారిపట్టి రైల్వే కాలనీలోకి నడిచాను. వరసలు వరసలుగా పాత క్వార్టర్లు. కొన్నిటికి కప్పు లేదు, కొన్నిటికి తలుపులు లేవు. ఒక ఇంటి నడిమి గదిలోంచి వేపచెట్టు లేచి ఆకాశాన్ని చూస్తోంది. కొన్ని ఇళ్ళు దూరదూరంగా, చుట్టూ విశాలమైన ఆవరణతో వున్నాయి. మరికొన్ని గోడకి గోడ ఆనుకుని, ముందు నాలుగడుగుల అరుగుతో వున్నాయి. ఏ పుస్తకమూ తెరవకుండా ఈ నేలమీద పావుగంట నడిస్తే చాలు, ఆనాటి రైల్వే సమాజంలోని అంతస్తులు అర్థమవుతాయి. దొర ఎక్కడ వున్నాడో, డ్రైవరు ఎక్కడ వున్నాడో, కలాసీ ఎక్కడ వున్నాడో ఇటుకే చెబుతుంది.

అసలు ఈ పట్టణం ఇక్కడే ఎందుకు వెలిసింది? ఇక్కడ పెద్ద సంత లేదు, రేవు లేదు, గని లేదు, రాజధాని లేదు. కారణం ఆవిరి ఇంజను శరీరధర్మంలో వుంది. బొగ్గు తిని నీళ్ళు తాగే ఆ యంత్రం ఒక్క బిగిన ఎనభై, తొంభై మైళ్ళు లాగేసరికి అలిసిపోతుంది. దాని కడుపులో బూడిద నిండుతుంది. పొగగొట్టాలు శుభ్రం చెయ్యాలి, కీళ్ళకు నూనె పట్టాలి, కొత్త బొగ్గు ఎక్కించాలి. దాన్ని నడిపే డ్రైవరుకీ, పొయ్యిలో పారతో బొగ్గు వేసే ఫైర్‌మనుకీ విశ్రాంతి కావాలి. అందువల్ల లైను పొడవునా అటువంటి దూరాల్లో లోకోషెడ్డూ, రన్నింగ్ రూమూ, క్వార్టర్లూ కట్టక తప్పదు. దొనకొండ గుంటూరుకీ నంద్యాలకీ దాదాపు నడిమధ్యన వుంది. ఇక్కడినుంచి పడమటికి పోయే బండి మార్కాపురం, కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమల కొండల్లోకి ఎక్కాలి. ఎక్కబోయేముందు ఇంజను కడుపునిండా వుండాలి. ఇదీ దొనకొండ పుట్టుకకు కారణం. ఈ ఊరి స్థలాన్ని నిర్ణయించింది ఇక్కడి రైతు అవసరం కాదు, ఇంజను ఆకలిదప్పులు.

ఇక లైను ఎందుకు వచ్చిందో చూద్దాం. ఇందుకోసం 1876-78 నాటి మహాకరువు దాకా వెళ్ళాలి. మనవాళ్ళు ధాతకరువు అని చెప్పుకున్నది దీన్నే. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఈ కరువు వాతపడినవాటిలో ముఖ్యమైనవి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క కర్నూలు జిల్లాలోనే జనం దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. నేటి మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవే. దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో వుండేవి. వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్, సహాయపు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకి ఇచ్చే ధాన్యాన్ని ఒక పౌనుకి కుదించాడు. ఆ రోజుల్లోనే ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకి తీసుకుని బక్కచిక్కిన వేలాదిమందికి కూలి చూపించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. దీన్ని మతం మారిన కథగా మాత్రమే చదివేవారు ఒక సంగతి విస్మరిస్తున్నారు. ఊరు బయటకి నెట్టిన మనిషి, ఆకలి రోజుల్లో తనను మనిషిగా పలకరించిన చోటికి నడిచివెళ్ళాడు. తరవాతి కాలంలో ఆ మిషను తన కేంద్రాల్లో ఒకదాన్ని దొనకొండలోనే పెట్టింది.

కరువు ముగిశాక పాలకుల ముందు రెండు దారులున్నాయి. ఒకటి కాలవ, రెండోది రైలు. గోదావరి, కృష్ణా ఆనకట్టలు కట్టించిన ఆర్థర్ కాటన్ ముసలితనంలో కూడా ఈ దేశానికి ముందుగా కావలసింది నీళ్ళే అని పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. ఆయన మాట చెల్లలేదు. 1880 నాటి కరువు కమిషన్ రైళ్ళకు పెద్దపీట వేసింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీకి కరువు రక్షణ లైన్ల పేరుమీద పని అప్పగించి, వాటాదార్ల వడ్డీకి ప్రభుత్వం హామీ పడింది. లైను లాభిస్తే లండన్ వాటాదారుకి లాభం. నష్టపోతే ఈ దేశపు రైతు శిస్తులోంచి పరిహారం. బళ్ళారి నుంచి కృష్ణ దాకా, గుంతకల్లు, నంద్యాల, కంభం, దొనకొండ, వినుకొండ, గుంటూరు మీదుగా మీటరు గేజి పట్టాలు 1890 నాటికి బెజవాడ వైపు చేరాయి. పడమటి కొసన అవి పోర్చుగీసు గోవాలోని మార్ముగోవా రేవుకి కలిశాయి. అంటే ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం వైపు సరుకు పోయే దారిలో మన కరువు నేల నడిమి మజిలీ అయింది.

రైలు వల్ల కరువు తగ్గలేదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1876లో లాగా ధాన్యమే చేరక ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోవడం తరవాత తగ్గిందనే మాట నిజం. కాని మహాకరువు నాటికే బళ్ళారి వైపు రైలు వుంది. ఆ రైలు వున్న చోటకూడా జనం చచ్చారు. రైలు ధాన్యాన్ని కరువు సీమలోకి తేగలదు, కరువు సీమలోంచి తీసుకుపోగలదు కూడా. ఎటు పోవాలో తేల్చేది పట్టాలు కాదు, ధర. కొనే శక్తి లేనివాడి కళ్ళముందే బస్తాలు ఆగి, ఇంజను నీళ్ళు తాగి, బస్తాలు కదిలిపోతాయి.

మన భాషలో ఒక విచిత్రం వుంది. చెరువుకి కట్ట అంటాం, రైలు దారికీ కట్ట అంటాం. కంభం చెరువుకట్ట విజయనగర కాలంలో గుండ్లకమ్మకి అడ్డంగా కొండల నడుమ వేసింది. ఇన్ని వందల ఏళ్ళుగా అది పొలాలకు నీళ్ళిస్తోంది. దానికి కొద్ది దూరంలో రైలుకట్ట వెళుతుంది. రెండు కట్టలకూ మట్టి మోసిన చేతుల గురించి ఆలోచిస్తే మనకు మొదట తట్టవలసింది ఒడ్డెవాళ్ళు. దక్షిణ దేశంలో మట్టిపనీ రాతిపనీ వాళ్ళ కులవృత్తి. రైల్వే నిర్మాణకాలంలో కుటుంబాలకు కుటుంబాలు గుడిసెలు ఎత్తుకుని కట్టవెంట కదిలాయి. మగవాడు తవ్వితే ఆడది మోసేది, పిల్ల తొక్కేది. కూలి మనిషికి కాదు, తవ్విన గుంట కొలతకి. వంతెనల ఇనప దూలాలమీద వాటిని పోతపోసిన ఇంగ్లీషు కంపెనీల పేర్లు వుంటాయి. నల్లమలలో లోయ అడుగునుంచి నూరడుగుల పైయెత్తున దొరబావి దగ్గర నిలిచిన ఇనప వంతెనకి ఇంజనీర్ల గౌరవం దక్కింది. ఆ లోయలోకి రాయి దింపినవాడి పేరు ఏ దూలం మీదా లేదు. ఆ వంతెన కూడా బ్రాడ్ గేజి వేరే దారిన పోయాక అనాథ అయింది.

కట్ట వేసినవాళ్ళ సంగతి ఇది. కట్ట వల్ల బతుకు పోయినవాళ్ళ సంగతి ఇంకొకటి. రైలుకు ముందు కోస్తా ఉప్పు ఎద్దుల మీదా గాడిదల మీదా నల్లమల వైపు పోయేది. అటునుంచి ధాన్యం, అడవి సరుకు తిరిగి వచ్చేవి. ఈ వ్యాపారం చేసింది ఎరుకలవాళ్ళు, లంబాడీలు. ఉప్పు మీద సర్కారు పన్నూ, రైలు వ్యాగనూ కలిసి ఒక తరం తిరక్కుండానే వాళ్ళ ఎద్దుల బారును తుడిచేశాయి. పని పోయిన మనిషి ఊళ్ళవెంట తిరిగితే అతనికి పాలకులు పెట్టిన పేరు నేరస్థ జాతి. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి వర్తించింది. కొద్దికాలానికే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు, 1952లో చట్టం రద్దయింది. ముద్ర మాత్రం అంత త్వరగా పోలేదు. స్టూవర్టుపురం దొంగల కథలు చదివి ఆనందించిన మనం, ఆ కథ మొదటి అధ్యాయం ఒక రైల్వే టైంటేబుల్లో మొదలైందని ఎప్పుడైనా అనుకున్నామా?

కాలనీలో ఒక అరుగుమీద చింతచెట్టు నీడన ఒక పెద్దాయన కూర్చుని వున్నాడు. డెబ్బై అయిదు దాటి వుంటాయి. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చలు. ఫైర్‌మను అని అడగకముందే తెలిసింది.

"ఏం చూస్తన్నావయ్యా ఆ మొండిగోడల్ని?" అన్నాడు.

"షెడ్డు ఎక్కడుండేదో చూద్దామని వచ్చాను బాబాయ్" అన్నాను.

"షెడ్డా? నువ్వు నిలబడ్డ కాడినుంచి అట్లా చూడు. ముళ్ళకంపే గదా కనబడేది. ఆ కంపలోనే ఇంజన్లు పండుకునేయి. ఇంజను పండుకుంటే మేం మేలుకునేవాళ్ళం."

తరవాత ఆయన తన రోజు ఎట్లా గడిచేదో చెప్పాడు. డ్యూటీకి గడియారం లేదు. రాత్రి ఏ వేళనైనా కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. సంతకం పెట్టాక ఒంట్లో జ్వరమున్నా లేచి పోవలసిందే. బొగ్గు పొయ్యి ముందు ముఖం కాలేది, వెనకనుంచి వీపుకి చలి కొట్టేది. నల్లమల ఎక్కేటప్పుడు పార కింద పెట్టడానికి వీలుండేది కాదు. "మాయావిడ నా చొక్కా ఉతికితే కాలవ నల్లబడేది" అని నవ్వాడు. షెడ్డులో బూడిద గుంట దగ్గర సగం కాలిన బొగ్గు ఏరుకుని బుట్టల్లో అమ్ముకునే ఆడవాళ్ళ సంగతి కూడా ఆయనే ఎత్తాడు. "ఊళ్ళో ఇళ్ళ పొయ్యిలు ఆ తల్లుల బొగ్గుతోనే రాజేది. వాళ్ళకి పాసులేదు, పింఛనులేదు. వాళ్ళు రైలోళ్ళు కాదా మరి?" అన్నాడు. కార్మికవర్గ చరిత్ర గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి ప్రశ్న ఎక్కువసార్లు తగల్లేదు.

రైల్వేల మీద 1853లో న్యూయార్కు పత్రికకి రాస్తూ మార్క్స్ రెండు మాటలు చెప్పాడు. రైలు ఈ దేశంలో ఆధునిక పరిశ్రమకు నాంది అవుతుందనీ, పనుల విభజన మీద నిలిచిన కులాన్ని కరిగిస్తుందనీ ఒక మాట. బ్రిటిషు కాడిని దించుకునేంతవరకూ ఆ ఫలాలు ఈ ప్రజలకు దక్కవని రెండో మాట. మనలో కొందరు మొదటి మాటనే పట్టుకుంటారు, కొందరు రెండోదాన్నే. దొనకొండలో రెండూ పరీక్షకు నిలుస్తాయి. మూడో తరగతి పెట్టెలో బ్రాహ్మడూ మాదిగా ఒకే చెక్క మీద కూర్చోక తప్పలేదు. అది చిన్న విషయం కాదు. కాని రైల్వే అంతర్గత నిర్మాణం కులాన్ని కరిగించడానికి బదులు దానికి జాతిభేదాన్ని తోడు చేసింది. డ్రైవరు, గార్డు ఉద్యోగాల్లో యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ ముందు పీట. ఫైర్‌మను, కలాసీ, గ్యాంగ్‌మను ఈ దేశపువాడు. అందులో మళ్ళీ ఊడ్చే పని ఏ కులానిదో ఊరికి తెలిసినట్టే రైల్వేకీ తెలుసు. ఇన్‌స్టిట్యూటులో పియానో ఒకరికి, బూడిద గుంట ఇంకొకరికి. పరిశ్రమ విషయానికి వస్తే, షెడ్డు ఇంజనుకి మరమ్మతు చేసిందే కాని చుట్టుపక్కల ఒక్క కార్ఖానాకీ విత్తనం కాలేదు. చాలామటుకు ఇంజన్లు బ్రిటన్ నుంచి ఓడల్లోనే వచ్చాయి.

ఆంగ్లో ఇండియన్ల గతినీ సానుభూతితో చూడాలి. వాళ్ళను పాలకులు తమకీ జనానికీ నడుమ గోడగా వాడుకున్నారు. స్వాతంత్ర్యం తరవాత రాజ్యాంగం 336వ అధికరణం రైల్వేలో వారికున్న ఉద్యోగాల వాటాను రెండేళ్ళకోసారి తగ్గిస్తూ పదేళ్ళలో ముగించింది. చాలామంది ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ వెళ్ళిపోయారు. గోడని కట్టినవాడు ముందే వెళ్ళిపోయాడు, గోడ మాత్రం ఎండకీ వానకీ మిగిలింది. కాలనీలో కప్పులేని బంగళాలను చూస్తున్నప్పుడు నాకు తోచిన మాట ఇదే.

రైలు మరొకటి కూడా ఇచ్చింది. దాన్ని కంపెనీ ఇవ్వదలుచుకోలేదు. వేర్వేరు ఊళ్ళ, కులాల, భాషల మనుషులు ఒకే ఈలకు లేచి, ఒకే పనిలో కాలి, ఒకే రోజున జీతం అందుకోవడం వల్ల సంఘం పుట్టింది. 1908లో మద్రాసు రైల్వేతో కలిసి ఎం.ఎస్.ఎం.గా మారిన ఈ రైల్వేలో 1932 చివర పెరంబూరు వర్క్‌షాపు కార్మికులు తొలగింపులకు ఎదురుతిరిగి సమ్మె కట్టారు. ఆ తరం రైల్వే కార్మిక నాయకుల్లో ముందువరసన నిలిచినవాడు మన బరంపురం తెలుగువాడు వి.వి. గిరి. అఖిలభారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయనొకడు. చరిత్ర ఎంత కటువైన హాస్యగత్తె అంటే, 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతటా లక్షలాది రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు, వేలాదిమందిని జైళ్ళలో పెట్టి, కుటుంబాలను క్వార్టర్లలోంచి వెళ్ళగొట్టినప్పుడు, రాష్ట్రపతి భవనంలో వున్నవాడు ఆ గిరిగారే.

ఆ సమ్మె మాట ఎత్తగానే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "ఇరవై రోజులు డ్యూటీ ఎక్కలా. ఇంట్లో కుండ కూడా పొయ్యి ఎక్కలా" అన్నాడు చివరికి. పనిలోంచి తీసేశారట. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారాక తిరిగి చేర్చుకున్నారు. ఆ మూడేళ్ళు ఏం చేశారంటే, మార్కాపురం పలకల గనుల్లో రాయి మోశానన్నాడు. ఒకప్పుడు దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఎన్నో ఆ గనుల్లోంచి వచ్చినవే. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి పోయినవే. "నా చేతిమీద రైలెక్కిన పలక ఎంతమందికి చదువు చెప్పిందో. నాకు మాత్రం సంతకమే వచ్చు" అన్నాడాయన.

ఆవిరి పోవడంతో ఊరికి మొదటి దెబ్బ తగిలింది. డీజిలు ఇంజనుకి దారిలో నీళ్ళు అక్కరలేదు. 1992లో రైల్వే యూనిగేజి పథకం మొదలై, ఆ దశాబ్దంలో ఈ లైను బ్రాడ్ గేజికి మారడంతో రెండో దెబ్బ పూర్తయింది. లోకోషెడ్డుకి పని లేదు. షెడ్డు పోతే రన్నింగ్ రూముకి పని లేదు, క్వార్టరుకి మనిషి లేడు, స్టేషను బజారులో అప్పు పెట్టే కొట్టుకి ఖాతాదారు లేడు. గేజి మార్పు దేశానికి అవసరం కాదని నేను అనను. బండి వేగం పెరిగింది, సరుకు సులువుగా పోతోంది. అయితే ఇంజను కోసం కట్టిన ఊళ్ళో, ఇంజను పోయాక మనుషులు ఏమవుతారనే లెక్క ఏ పథకంలోనూ వుండలేదు. కంపెనీ కాలంలో ఆ లెక్క లేకపోవడం సహజం. మన కాలంలోనూ లేకపోవడమే ఆలోచించవలసిన విషయం.

దొనకొండ మీద బయటి అవసరం ఇంకా అనేకసార్లు వచ్చి వాలింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలో పనికొచ్చిన విమానాల మైదానం ఇక్కడ వుంది. యుద్ధం అయిపోయింది, మైదానంలో గడ్డి మొలిచింది. దాన్ని మళ్ళీ తెరుస్తామన్న మాట పాలకుల నోట చాలాసార్లు వినపడింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండే అన్న ప్రచారం ఊపందుకుంది. సర్కారు భూములు ఎక్కువని, రైలు వుందని, విమానాల మైదానం వుందని కారణాలు చెప్పారు. రాత్రికి రాత్రి కార్లు దిగాయి, ఎకరం ధర ఎగిరింది, రాళ్ళు పాతారు. సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లో అని శాసనసభలో ప్రకటన వచ్చింది. కార్లు వెళ్ళిపోయాయి. ఆ తరవాత విశాఖ-చెన్నై పారిశ్రామిక కారిడారులో దొనకొండ ఒక ముఖ్య కేంద్రమని కాగితం మీద గుర్తు పెట్టారు. కొత్తగా వేస్తున్న నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోతుంది. దొనకొండ దాని దారిలో లేదు. రైలు, యుద్ధం, రాజధాని, కారిడారు: నాలుగుసార్లూ ఈ ఊరికి ఏం కావాలి అని అడిగినవాడు లేడు. ఈ ఊరు మాకు ఎందుకు పనికొస్తుంది అన్నదే ప్రశ్న.

ఊరికి కావలసింది మొదటినుంచీ ఒక్కటే. నీళ్ళు. సాగర్ కుడికాలవ దర్శి వైపు కొన్ని పొలాలను తడిపింది. దానికి పడమర, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు దాకా బోరుబావే దిక్కు. ఆ బోరు నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు. ఆ నీళ్ళు తాగిన ఎడ్లు నడుం పడిపోవడం, మనుషుల ఎముకలు బిగుసుకుపోవడం ఇక్కడి రైతుకి ఎప్పుడో తెలుసు. వైద్యశాస్త్రం 1937లో తెలుసుకుంది. ఆ ఏడాది షార్టు అనే డాక్టరూ ఆయన సహచరులూ ఆనాటి నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బు గురించి వైద్యపత్రికలో రాశారు. ఈ తేదీని రైలు తేదీ పక్కన పెట్టి చూడండి. గట్టినీళ్ళు పోస్తే బాయిలరు గోడకు సున్నం కట్టి పాడవుతుంది. కనుక రైల్వే కంపెనీలు ఇంజను తాగే నీటి మంచిచెడ్డలు చూసుకునేవి. పట్టాలు పడి అర్ధ శతాబ్దం గడిచాకగాని, పట్టాల పక్క మనిషి తాగే నీళ్ళను పరీక్షించే చూపు రాలేదు. వలసపాలన అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను ఈ ఒక్క ఉదాహరణ చెబుతాను.

శ్రీశైలం జలాశయంలోంచి నల్లమల కిందుగా సొరంగాలు తొలిచి ఈ ప్రాంతానికి కృష్ణ నీరు తేవాలన్న వెలిగొండ పథకానికి, ఆ కోరికను జీవితమంతా మోసిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. 2024 మార్చిలో వాటిని జాతికి అంకితం చేశారు. అప్పటికి పొలానికి నీరు పారలేదు. నూట నలభై ఏళ్ళ కిందట అదే నల్లమలలో బోగద దగ్గర కొండని తొలిచి, లోయమీద వంతెన వేసి, రైలును నాలుగైదేళ్ళలో నడిపించారు. సాంకేతిక శక్తి లేక కాదు నీళ్ళు రానిది. ఎవరి అవసరం తొందరైనదో, ఎవరి దాహం ఆగగలదో తేల్చే అధికారం ఎవరి చేతిలో వుందన్నదే అసలు విషయం.

రచయితలమైన మనకి ఇందులో పని ఏమిటి? మన కథల్లో రైలు చాలా వుంది. అయితే అది ఎక్కువగా ప్రయాణికుడి కిటికీలోంచి కనిపించే రైలు. ఇంజనులోంచి కనిపించే రైలు, బూడిద గుంటలోంచి కనిపించే రైలు ఎంత వుంది? ఈ లైనుమీదే, దొనకొండకి కాస్త తూర్పున వినుకొండ వుంది. అది జాషువా ఊరు. ఆయన తన దళిత కథానాయకుడి మొరను కాశీలోని శివుడికి గబ్బిలంతో పంపించాడు. కాశీకి అప్పటికే రైలుంది. అయినా అంటరానివాడి మాట మోసేందుకు పట్టాలున్న యంత్రం పనికిరాలేదు, చీకట్లో ఎగిరే ప్రాణి కావలసివచ్చింది. ఆ ఎంపికలో వున్న విమర్శను మనం ఇంకా పూర్తిగా చదవలేదేమో.

సాయంత్రం బండికి ముందు చందవరం వెళ్ళివచ్చాను. దొనకొండ నుంచి పది కిలోమీటర్లు. గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ మీద రెండంతస్తుల వేదికతో బౌద్ధ మహాస్తూపం. 1964లో పురావస్తు శాస్త్రజ్ఞుడు వేలూరి వెంకట కృష్ణశాస్త్రి దాన్ని గుర్తించాడు. 1970లలో తవ్వకాలు జరిగాయి. రెండువేల ఏళ్ళ కిందట భిక్షువులూ వర్తకులూ నడిచిన దారి ఇది. దారి మళ్ళింది, స్తూపం ముళ్ళకంపలో కలిసిపోయింది. అంటే దారి కోసం వెలిసి, దారి తప్పుకోగానే కూలిన ఊరు ఈ నేలమీద దొనకొండ రైల్వే కాలనీ ఒక్కటే కాదు. స్తూపానికి ఇప్పుడు కంచె వుంది, బోర్డు వుంది. కాలనీకి అవి లేవు. స్తూపాన్ని కాపాడాలి, అందులో రెండో మాట లేదు. కాని రెండువేల ఏళ్ళ శిథిలాన్ని చరిత్ర అనీ, పాతికేళ్ళ శిథిలాన్ని చెత్త అనీ పిలిచే అలవాటును ప్రశ్నించాలి. రాతి చరిత్ర ఇంకో వెయ్యేళ్ళు ఆగుతుంది. ఫైర్‌మను చరిత్ర ఆయన శ్వాస వున్నంతవరకే ఆగుతుంది.

అందువల్ల విద్యార్థులకు నా విన్నపం ఒకటే. పరిశోధనకి అంశం కోసం గ్రంథాలయాల్లో వెతికేముందు ఇటువంటి రైలు ఊళ్ళకు వెళ్ళండి. బొగ్గు ఏరిన ముసలమ్మనూ, రైలుకట్ట మీద నడిచి కీలు బిగించిన కీమనునూ కూర్చోబెట్టి అడగండి. వాళ్ళు వాడిన మాటలు రాసుకోండి. వాళ్ళతోపాటే ఆ మాటలూ పోతున్నాయి.

వెళ్ళేముందు పెద్దాయన చెంబుతో నీళ్ళిచ్చాడు. ట్యాంకరు నీళ్ళట. "దొన అంటే ఏందో తెలుసునా నీకు?" అని అడిగాడు. తెలుసు. కొండమీద రాతిలో వాన నీరు నిలిచే గుంట. ఊరి పేరులోనే నీళ్ళున్నాయి. చెంబు ఖాళీచేసి తిరిగిచ్చాను. స్టేషన్లో బండి ఒక్క నిమిషం ఆగింది. ఇంజనుకి దాహం లేదు.